పీకి పారేసిన పసుపు పూలు

ఫిబ్రవరి నెలాఖరు. ఇంగ్లండు దక్షిణాన, విల్ట్‌షర్ కౌంటీలో ఓ చిన్న పల్లె. ఆరు దాటినా ఇంకా సరిగ్గా తెల్లవారలేదు.

బార్నీ కొట్టం మూలకు మొహం పెట్టి నిలబడి ఉంది. నుదురు గోడకు ఆనించి, గోడను అవతలికి తోసేయాలన్నంత బలంగా ఒత్తుతోంది. పేరు పెట్టి పిలిస్తే చెవి తిప్పలేదు. తొట్టిలో రాత్రి పెట్టిన మేత అలాగే ఉంది. ఉండుండి నోరంతా తెరిచి ఆవలిస్తోంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" పశువైద్యురాలు అడిగింది.

"రాత్రి పడుకోబోయే ముందు చూశాను, అప్పుడు బాగానే ఉంది. కింద పరిచిన గడ్డి చూడండి, ఎలా చెదిరిపోయిందో. రాత్రంతా గోడవెంటే తిరిగినట్టుంది," అంది దాని యజమానురాలు. డెబ్బై దాటిన మనిషి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. భర్త పోయాక ఇంట్లో ఆమె ఒక్కతే. రోజుకు రెండుసార్లు పలకరించడానికి ఆమెకున్నది ఈ గుర్రమే.

డాక్టరు టార్చి వేసి కనురెప్ప పైకి లేపింది. కంటి తెల్లగుడ్డు పచ్చబడింది. పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. అక్కడా పసుపే.

"మీ పొలంలో రాగ్‌వర్ట్ కలుపు ఉందా?"

పెద్దావిడ వెంటనే జవాబివ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లీకూతుళ్ల వైపు చూసింది. బడికి వెళ్లే ముందు తమ గుర్రానికి మేత వేద్దామని వచ్చారు వాళ్లిద్దరూ. పాపకు పదమూడేళ్లు. తల్లిది అనంతపురం వైపు కదిరి దగ్గర పల్లె. ఇక్కడ ఓ ఆస్పత్రిలో ఫార్మసిస్టు.

"ఉండేది," అంది పాప తల్లి. "జులైలో పీకాం."

"పీకినవి ఏం చేశారు?"

ఇది నిజంగా జరిగింది. వాళ్ల పేర్లు, ఊరి పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. గుర్రాల పేర్లు మాత్రం వాటివే.

* * *

గుర్రం ఉందంటే అక్కడ అందరూ జమీందారులే అనుకుంటాం. అలా ఏం కాదు. బ్రిటన్‌లో గుర్రాలున్న వాళ్లలో చాలామందికి సొంత భూమి లేదు. ఏ రైతు దగ్గరో నాలుగెకరాల పచ్చిక అద్దెకు తీసుకుని ముగ్గురు నలుగురు పంచుకుంటారు. భూమి, కంచె, నీళ్లతొట్టి రైతువి. మేత వేయడం, పేడ ఎత్తడం, గుర్రాన్ని కనిపెట్టుకుని ఉండటం ఎవరికి వారే చేసుకోవాలి. కొందరు సొంతంగా కొనలేక, వేరేవాళ్ల గుర్రాన్నే ఖర్చులో సగం భరించి వారానికి కొన్ని రోజులు చూసుకుంటారు. పాప గుర్రం బిస్కట్ అలాంటిదే. వేల్స్ జాతి పొట్టి గుర్రం, ఒళ్లంతా బూడిద రంగు. దాని అసలు యజమాని కూతురు పెద్దదై యూనివర్సిటీకి వెళ్లిపోవడంతో ఇలా చేతులు మారింది.

ఆ పొలానికి వాటాదారులు ముగ్గురు. పెద్దావిడది బార్నీ. పాప కుటుంబానిది బిస్కట్. మూడో అతను నలభైల్లో ఉన్న మనిషి, సొంతంగా ఏదో వ్యాపారం, అతనికి రెండు గుర్రాలు. ఒప్పందం నోటిమాటే. పేడ ఎవరి గుర్రానిది వాళ్లు ఎత్తుకోవాలి. తలుపు గొళ్లెం వేసి వెళ్లాలి. చలికాలం ఎండుగడ్డి కలిసి కొనుక్కుని పంచుకోవాలి. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. అద్దె మాత్రం నెల నెలా ఎవరికి వారు రైతుకు కట్టేస్తున్నారు.

ఒక్కో గుర్రానికి ఎకరం నుంచి ఎకరంన్నర పచ్చిక కావాలని అక్కడ అందరూ చెప్పే లెక్క. నాలుగు గుర్రాలకు నాలుగెకరాలంటే అసలే బొటాబొటి. ముందటి ఏడాది వసంతంలో మూడో అతను ఎవరికీ ఒక మాటైనా చెప్పకుండా ఇంకో గుర్రాన్ని తెచ్చి వదిలాడు. "కొద్ది వారాలే" అన్నాడు. ఆ వారాలు గడిచిపోయాయి, గుర్రం మాత్రం కదల్లేదు. అతని గుర్రాల పేడ కుప్పలు కుప్పలుగా ఎండిపోతోంది. పేడ పడ్డచోట గుర్రం మేయదు, కాబట్టి మిగిలిన చోటే మళ్లీ మళ్లీ కొరుకుతుంది. గడ్డి వేళ్లదాకా పోయి మట్టి బయటపడింది. రాగ్‌వర్ట్‌కు కావలసింది సరిగ్గా అదే. గడ్డి ఒత్తుగా ఉన్నచోట దాని గింజకు మొలవడమే కష్టం. నేల బోసిపోయి గింజకు ఎండ తగిలితే చాలు, మొలుస్తుంది. మూడో అతని గురించి ఎవరేమన్నా నేను మొదట చెప్పేది దీన్నే. కలుపు ఎక్కడి నుంచో గాలిలో కొట్టుకొచ్చి పడిందని అందరూ అన్నారు. ఆ కలుపు కోసం నేలను సిద్ధం చేసి పెట్టింది పొలంలో ఉన్న మనుషులే.

* * *

జూన్‌లో కదిరి నుంచి అవ్వ వచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చే మన పెద్దవాళ్లందరి లాగే మొదటి వారమంతా కిటికీ దగ్గరే కూర్చుంది. రెండో వారం మనవరాలి వెంట పొలానికి బయల్దేరింది. గుర్రాలను కాసేపు చూసింది. తర్వాత ఆమె చూపు నేల మీదికి దిగింది.

"ఏమ్మీ ఇది? కాంగ్రెస్ గడ్డి మాదిరుండాది."

అవ్వ పోలిక తప్పు కాదు. మనం వయ్యారిభామ అని కూడా పిలిచే కాంగ్రెస్ గడ్డీ, రాగ్‌వర్టూ ఒకే కుటుంబానికి, చామంతి కుటుంబానికి చెందినవే. ఆకులు రెండింటికీ కత్తిరించినట్టు చీలికలు చీలికలుగా ఉంటాయి. రాగ్‌వర్ట్ మొదటి ఏడాది నేలకు అతుక్కుని ఆకుల చక్రంలా ఉంటుంది, చూసినా చాలామందికి ఆనదు. రెండో ఏడాది కాడ లేచి, నడుమెత్తు పెరిగి, జులై ఆగస్టుల్లో గుత్తులు గుత్తులుగా పసుపు పూలు పూస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. వాటిలో కొన్ని పదేళ్లకు పైగా మట్టిలో నిద్రపోయి కూడా మొలవగలవు.

"గొడ్డు దీన్ని తింటాదా?"

"తినదవ్వా. చేదుగా ఉంటుందట," అంది పాప. గుర్రపు సవారీ నేర్చుకునే పిల్లల 'పోనీ క్లబ్బు'లో నేర్పిందే చెప్పింది.

"మంచిదే మరి. తినకపోతే భయమేముంది?"

"ఎండిపోతే తింటుందట. ఎండాక చేదు పోతుంది, విషం మాత్రం పోదంట."

అవ్వ ఆ మాటకు నిలబడిపోయింది. ఎందుకో కూతురికి వెంటనే తెలిసింది. శెనక్కాయ చేలో కలుపు తీసే పద్ధతి ఆమెకు ఒక్కటే. తొలికతో తవ్వి, మన్ను దులిపి, గట్టున పారేయడం. సాయంత్రం ఇంటికి పోతూ పోతూ గట్టున వాడిన గడ్డిని మోపు కట్టి పశువులకు వేయడం. మెత్తబడ్డ గడ్డిని గొడ్డు ఇష్టంగా తింటుందని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"అట్లయితే పీకినోళ్లే మోసుకుపోవల్ల," అంది. "పీకి ఈడనే పెట్టినామంటే పీకకున్నా నయం."

ఎవరూ చదివి వినిపించకుండానే అవ్వ చెప్పిన ఆ మాటే బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ల నియమావళిలోనూ ఉంది. పీకిన, కోసిన, మందు కొట్టిన రాగ్‌వర్ట్‌ను పశువులు మేసేచోట వదలకూడదు. మందు కొట్టినా సరే, మొక్క పూర్తిగా చచ్చి మాయమయ్యేదాకా పశువులను అటు తోలకూడదు.

తర్వాతి ఆదివారం ముగ్గురు వాటాదారులూ కలిసి పీకాలని అనుకున్నారు. ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది, దానికి మంచి అదను. పెద్దావిడ పొడుగాటి పళ్లున్న ఉక్కు ఫోర్కు తెచ్చింది. దాన్ని మొక్క మొదట్లో దింపి, కాలితో నొక్కి, వెనక్కి వాల్చితే వేరు మట్టితో సహా లేస్తుంది. తెగిన వేరు ముక్క లోపల మిగిలితే మళ్లీ మొలకెత్తుతుంది. అందుకే అవ్వ గుంట గుంటలో చేయి పెట్టి తడిమి చూసింది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోమని మనవరాలు రెండుమార్లు చెప్పాల్సి వచ్చింది. కొన్ని కాడల మీద నలుపు, పసుపు పట్టీల గొంగళ్లు పాకుతున్నాయి. సినబార్ అనే ఎర్ర చిమ్మట పిల్లలవి. వాటికి ఈ మొక్కే ఆహారం. ఇందులోని విషం ఒంటికి ఎక్కించుకుని పక్షుల నుంచి కాపాడుకుంటాయి. పాప ఆ కాడలను విడిగా తీసి కంచె అవతల, రోడ్డు వార పెట్టివచ్చింది.

మధ్యాహ్నానికి పెద్ద ప్లాస్టిక్ సంచులు నిండాయి. మూతులు కట్టి కారులో ఎక్కించారు. సగం పొలమే అయింది. మూడో అతను రాలేదు.

సాయంత్రం ఫోన్ చేస్తే, "అనవసరంగా కంగారు పడుతున్నారు. గుర్రాలకు ఏది తినాలో తెలుసు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఒక్కటీ చావలేదు. నా వైపు సగం నేను చూసుకుంటాలెండి," అన్నాడు.

* * *

చూసుకున్నాడు. అదే అసలు కష్టం.

ఆగస్టు మొదట్లో పాప కుటుంబం అవ్వను లండన్, ఎడిన్‌బరో తిప్పి చూపించడానికి వెళ్లింది. పెద్దావిడ మోకాలి నొప్పితో ఇంటికే పరిమితమైంది. బార్నీకి నీళ్లు, మేత పక్కింటి కుర్రాడు చూస్తున్నాడు. ఆ సమయంలో మూడో అతను కలుపు కోసే మిషను తెచ్చి, తన వైపున్న రాగ్‌వర్టంతా మొదలంటా కోసి, ఎక్కడివక్కడే వదిలేసి వెళ్లాడు. మంచి ఎండలు. కంచె వేసి అవతలికి తోలాల్సిన గుర్రాలు అక్కడే మేస్తున్నాయి.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం పాప తల్లి పొలం తలుపు తీసింది. నేలంతా పసుపు, గోధుమ రంగుల్లో చాప పరిచినట్టుంది. వంగి ఒక కాడ చేతిలోకి తీసుకుంది. పూలు రెక్కలు ముడుచుకుని, ఆకులు వడలి నలుపు తిరిగాయి. పక్కనే కొన్ని కాడలకు ఆకులు లేవు. తెగిన చోట పంటి గాట్లు.

అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"మీరు కోసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. గుర్రాలు తింటున్నాయి."

"కోయమన్నారు, కోశాను. ఇప్పుడు మళ్లీ ఇదొకటా?"

"కోయమనలేదు. వేరుతో పీకి బయటికి తీసుకెళ్లమన్నాం."

"చూడండి, మీరు గుర్రాలతో ఉంటున్నది రెండేళ్లే."

ఆమె ఇక మాట పెంచలేదు. అవ్వ, భర్త, పాప, ఆమె, నలుగురూ చీకటి పడేదాకా దంతెలతో ఊడ్చి సంచులకెత్తారు. అవ్వ నడుం పట్టుకుని లేస్తూ అన్న మాట పాపకు ఇప్పటికీ గుర్తుంది: "ఉమ్మడి బర్రె పుచ్చి సచ్చినట్లాయ."

కోయడం వల్ల ఇంకో చేటు కూడా జరిగింది. మామూలుగా రాగ్‌వర్ట్ రెండేళ్ల మొక్క, పూసి గింజ రాల్చి చచ్చిపోతుంది. గింజ రాల్చకముందే కోస్తే చావదు. మొదలు నుంచి నాలుగైదు పిలకలు వేసి మరిన్నేళ్లు బతుకుతుంది. సెప్టెంబర్లో అతని వైపు సగం మళ్లీ పచ్చబడింది. ఆ పచ్చంతా గడ్డి కాదు.

* * *

ఆ విషం లోపల చేసే పని చెబితేగాని ఆ తర్వాత జరిగిన వాదన అర్థం కాదు. పైరలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలు రాగ్‌వర్ట్‌లో ఉంటాయి. కడుపులోకి పోయినప్పుడు అవి అంత చేటు చేయవు. కాలేయం వాటిని విరగ్గొట్టబోతుంది, అప్పుడు అసలు విషం పుడుతుంది. అది కాలేయ కణాలను విభజన కాకుండా అడ్డుకుంటుంది. కొత్త కణాలు పుట్టవు, ఉన్నవి ఉబ్బిపోతాయి, చచ్చినచోట నార లాంటి మచ్చ కడుతుంది. ఇవాళ గుప్పెడు, వచ్చే నెల గుప్పెడు తిన్నా ఆ నష్టం అంతా కలుపుకుంటూ పోతుంది. కాలేయానికి ఓపిక ఎక్కువ. మూడొంతులు పాడయ్యేదాకా పైకి ఏమీ తెలియనివ్వదు. తిన్నది వేసవిలో అయితే కూలబడేది చలికాలంలోనో, ఆ పై ఏడాదో. విరుగుడు లేదు.

ఇది పాత కథే. కెనడాలో నోవా స్కోషియా వైపు పిక్టో ప్రాంతంలో 19వ శతాబ్దంలో పశువులు ఇలాగే కూలిపోయేవి. దానికి పిక్టో జబ్బు అని పేరు పెట్టారు, అంటువ్యాధి అనుకుని పశువులను చంపారు కూడా. న్యూజిలాండ్‌లో వింటన్ దగ్గర పశువులకూ గుర్రాలకూ వస్తే అది వింటన్ జబ్బయింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో రెండుచోట్లా పశువైద్యులు ఆరోగ్యంగా ఉన్న పశువులకు రాగ్‌వర్ట్ మేపి చూశారు. అదే కాలేయం, అదే చావు. తినడానికీ చావడానికీ మధ్య నెలల ఎడం ఉండటం వల్ల అన్నేళ్లపాటు ఎవరూ గడ్డిని అనుమానించలేదు.

బార్నీ విషయంలోనూ సూచనలు వచ్చాయి, పోయాయి. సెప్టెంబర్లో దాని ముక్కు మీది తెల్లమచ్చ ఎర్రబడి పొక్కులు లేచి చెక్కు కట్టింది. వేసవి ఎండకు కమిలిందనుకుని పెద్దావిడ క్రీము రాసింది. కాలేయం చెడితే, ఆకుల్లోని పచ్చరంగు అరిగినప్పుడు పుట్టే ఓ పదార్థం బయటికి పోక రక్తంలో ఉండిపోతుంది. అప్పుడు తెల్లచర్మం మామూలు ఎండకే కాలుతుంది. నవంబర్లో పక్కటెముకలు కనిపించాయి. వయసు మీద పడిందనుకున్నారు. అలా అనుకోవడంలో ఆమె తప్పు నాకేమీ కనిపించదు. ఇరవై దాటిన గుర్రాన్ని చూసి ఎవరైనా ముందు అదే అనుకుంటారు.

* * *

ఫిబ్రవరిలో ఆ ఉదయం డాక్టరు రక్తం తీసుకుంది, కాలేయం నుంచి సూదితో చిన్న ముక్క తీసింది. "పొలంలో తిన్నదేనా? ఇప్పుడు మేత ఏం వేస్తున్నారు?" అని అడిగింది.

ఎండుగడ్డి బేళ్లు కొట్టం వెనక రేకుల షెడ్డులో ఉన్నాయి. ఆ ఏడాది మూడో అతనే, తనకు తెలిసిన చోట చవగ్గా దొరికాయని తెచ్చి అందరికీ పంచాడు. పాప తల్లి ఒక బేలుకు దారం కోసింది. గడ్డి పొరలు పొరలుగా విడిపోయింది. మొదటి రెండు పొరల్లో మంచి గడ్డి, పచ్చివాసన ఇంకా ఉంది. మూడో పొరలో పెన్సిలంత మందాన గట్టి కాడ, నిలువునా గీతలు, మొదలు దగ్గర ఎరుపు. పట్టి లాగితే కాడ పైన గుత్తి వచ్చింది. పూలు ఎండి తవిటిరంగులోకి మారి, తెల్లటి నూగు పట్టి ఉన్నాయి. వేళ్లతో నలిపితే పొడైపోయింది. ఆ పొడిని మిగిలిన గడ్డిలోంచి ఏరడం ఎవరి తరమూ కాదు. పాప ఇంకో కాడ తీసింది. ఇంకోటి. తల్లి ఆమె చేయి పట్టుకుని ఆపింది.

పొలంలో నిలబడ్డ మొక్కను వదిలేసి పక్క గడ్డి మేసే తెలివి గుర్రానికి ఉంది, మూడో అతను అన్నదాంట్లో అంతవరకు నిజమే. బేలులో ఆ అవకాశం లేదు. ఎండిన ముక్కలు గడ్డిలో కలిసిపోయి ఉంటాయి, చేదూ ఉండదు. నవంబర్ నుంచి ఆ గడ్డినే బార్నీ తింది. బిస్కట్ కూడా.

మర్నాడు ఫలితాలు ఫోన్‌లో వచ్చాయి. కాలేయ కణాలు మామూలు కంటే ఎంతో పెద్దవిగా ఉబ్బి ఉన్నాయి, చుట్టూ మచ్చకట్టు ముదిరింది. రాగ్‌వర్ట్ లాంటి మొక్కల విషానికి సరిగ్గా సరిపోయే తీరు. మెదడుకు చేరిన ప్రభావమే ఆ గోడకు నుదురు ఒత్తడం. ఇక వెనక్కి వచ్చే దారి లేదు. పెద్దావిడ ఒక్క రాత్రి గడువు అడిగింది, డాక్టరు వద్దంది. ఆ మధ్యాహ్నమే కొట్టం బయట పచ్చిక మీద, మెడ నరానికి ఇంజెక్షన్ ఇచ్చి బార్నీని నిద్రపుచ్చారు. పెద్దావిడ పగ్గం చేతిలో పట్టుకుని పక్కనే నిలబడింది.

తక్కిన గుర్రాలన్నిటికీ రక్త పరీక్షలు చేయించమని డాక్టరు చెప్పింది. జీజీటీ అనే కాలేయపు ఎంజైము బిస్కట్‌కు ఉండాల్సినదానికి మించి ఉంది. తీరని నష్టమా, కోలుకునేంతటిదా అన్నది నెలలు ఆగి మళ్లీ చూస్తేనే తెలుస్తుంది. మూడో అతని గుర్రాల్లో ఒకదానికి కూడా ఎక్కువే వచ్చింది. పరీక్ష ఖర్చు పాప తల్లే పెట్టుకుంటానంటే గాని అతను ఒప్పుకోలేదు. అందరికీ కలిపి బిల్లు ఆమే కట్టింది. ఎవరి గుర్రమైనా గుర్రమే కదా అంది నాతో.

రైతు ఇంటి వంటగదిలో నలుగురూ కూర్చున్నారు.

"మీ గడ్డి వల్లే," అంది పాప తల్లి.

"రుజువేది?" అన్నాడతను. "ఆ గుర్రానికి ఇరవై ఏళ్లు. ఈ పొలానికి రాకముందు ఎక్కడెక్కడ ఏం తిందో మీకు తెలుసా? డాక్టరు నా గడ్డి పేరు రాసిందా?"

డాక్టరు రాయలేదు. రాయడం కుదరదు కూడా. ఏ పొలంలో, ఏ నెలలో తిన్న గుప్పెడు ఆ కాలేయాన్ని చంపిందో ఏ పరీక్షా చెప్పదు. అతని మాట అబద్ధం కాదు, నన్ను కలచివేసేది అదే. నెలల కింద ఎండలో వదిలేసిన కాడకూ ఈరోజు చచ్చిన గుర్రానికీ మధ్య సాక్ష్యం మిగలని విషం ఇది. ఇలాంటిదాన్ని చేతుల్లో పెట్టుకుని పక్కవాడి మీద నిర్లక్ష్యం చూపడం, తప్పించుకునే దారి ముందే ఉందని తెలిసి చేసినట్టవుతుంది. అతనికి తెలిసి ఉండకపోవచ్చు. జులైలో మాత్రం ఇద్దరు ఆడవాళ్లు, ఒక పాప, ఒక ముసలవ్వ అతనికి చెప్పారు.

పెద్దావిడ అప్పటిదాకా మాట్లాడలేదు. "నేనడిగేది రుజువు కాదు," అంది. "మీరు ఆ ఆదివారం ఎందుకు రాలేదని అడుగుతున్నాను."

అతను రైతు వైపు చూశాడు. రైతు టీ కప్పు వైపు చూశాడు.

* * *

చట్టం ఉందా అంటే ఉంది. 1959 నాటి కలుపు మొక్కల చట్టం ఐదింటిని హానికరమైనవిగా పేర్కొంది. రెండు రకాల ముళ్ల తిస్సిల్ మొక్కలు, రెండు రకాల డాక్ మొక్కలు, ఐదోది రాగ్‌వర్ట్. 2003లో దీనికోసమే ప్రత్యేకంగా ఇంకో చట్టం చేశారు. ఆ మరుసటి ఏడాది నియమావళి వచ్చింది. మేత నేలకు 50 మీటర్లలోపు రాగ్‌వర్ట్ ఉంటే ముప్పు ఎక్కువ, 50 నుంచి 100 మీటర్ల మధ్య ఓ మోస్తరు, ఆపైన తక్కువ. పొరుగువాడి నేలలోంచి మీ మేత పొలంలోకి వ్యాపిస్తుంటే ప్రభుత్వానికి ఫిర్యాదు చేయొచ్చు, వాళ్లు నోటీసిచ్చి తీయించగలరు. అయితే నేలలో ఆ మొక్క ఉండటమే నేరం కాదు. ఒకే కంచె లోపల ముగ్గురు అద్దెదారుల మధ్య తగాదా ఆ చట్టం తేల్చేది కాదు.

మొక్కను పూర్తిగా నిర్మూలించాలని కూడా ఆ చట్టం చెప్పదు, చెప్పనందుకు నాకు సంతోషమే. ముప్పైకి పైగా పురుగు జాతులు ఈ ఒక్క మొక్క మీదే బతుకుతున్నాయి. ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపానికి ఇది జాతీయ పుష్పం. రోడ్డు వార, గుట్టల మీద అది ఎవరికీ శత్రువు కాదు. పశువు మేసే నేలలో, పశువు తినే గడ్డిలో అది ఉండకూడదు, అంతే. పాప ఆ గొంగళ్లున్న కాడలను రోడ్డు వార వదిలినప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆ తేడా తెలుసుకుంది.

మార్చిలో రైతు మూడో అతన్ని ఖాళీ చేయమన్నాడు. గుర్రం చచ్చినందుకు కాదు, అడగకుండా అదనపు గుర్రాన్ని తెచ్చినందుకు. కారణం ఏదైతేనేం అని పాప తల్లి ఊరుకోలేదు. ఆమె రాసుకొచ్చిన రెండు పేజీల కాగితం మీద రైతుతో సంతకం పెట్టించింది. ఎకరానికి ఒక గుర్రానికి మించకూడదు. ఏప్రిల్‌లో ఆకుచక్రాల దశలోనే ఒకసారి, పూత రాకముందే జూన్‌లో ఇంకోసారి అందరూ కలిసి పీకాలి, రానివాళ్లు కూలి డబ్బు కట్టాలి. పీకినది అదే రోజు సంచుల్లో బయటికి పోవాలి. కోత మిషను రాగ్‌వర్ట్ దగ్గరికి రాకూడదు. గడ్డి బేలు ఏదైనా తెరిచి, విప్పి చూశాకే వేయాలి. కాడ ఒక్కటి కనబడినా ఆ బేలు మొత్తం పక్కన పెట్టాలి. పేడ రోజూ ఎత్తాలి, బోసిపోయిన చోట గడ్డి విత్తనం చల్లాలి.

కొత్తగా వాటా అడిగిన ఇద్దరిలో ఒకామె ఆ కాగితం చదివి వెళ్లిపోయింది. రెండో ఆమె సంతకం పెట్టింది. పెద్దావిడ గుర్రం లేకపోయినా తన వాటా అద్దె ఇంకా కడుతోంది, ఆ ఎకరం మేపకుండా గడ్డి పట్టడానికి వదిలేశారు.

జూన్‌లో బిస్కట్‌కు మళ్లీ రక్తం తీశారు. జీజీటీ తగ్గింది. మామూలు స్థాయికి ఇంకా రాలేదు. సెప్టెంబర్లో మరోసారి చూద్దామంది డాక్టరు. అంతదాకా సవారీ లేదు, మంచి గడ్డి, డాక్టరు రాసిచ్చిన దాణా మాత్రమే. కదిరి నుంచి అవ్వ వీడియో కాల్ చేసినప్పుడు పాప ఫోన్ పట్టుకుని పొలమంతా నడిచి చూపించింది.

"ఆ మూల చూపీ. ఆ కంచె కింద," అంది అవ్వ. "యేరు తెగినట్లుండాది ఆడ. రేపు తవ్వు."